అమ్మకు మతిమరుపు వచ్చింది, మేనరికం వల్లేనా? రేపు నాకూ వస్తుందా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. నాకు 43 ఏళ్లు, మా అమ్మకు 68. రెండేళ్లుగా ఆమెకు ఏమీ గుర్తుండటం లేదు. ఒకటో తారీకు పొద్దున పింఛను తీసుకుంటుంది, సాయంత్రానికి ఇంకా ఇయ్యలేదని ఇచ్చిపోయిన వాళ్లనే తిడుతుంది. చేతి వాటంగా చేసే సంగటి కూడా మర్చిపోయింది. మొన్న ఎసరు పెట్టకుండానే ఉత్త గిన్నెలో రాగిపిండి పోసి కూర్చుంది. మా అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, 75 దాటినాక ఇట్లనే అయిపోయింది. అమ్మను సొంత మేనమామకే ఇచ్చినారు. అందుకే ఇది రక్తంలో వచ్చిందని బంధువులు అంటున్నారు. బెంగళూరులో ఉన్న మా అన్న ఉమ్మితో చేసే జీన్ టెస్ట్ కిట్లు రెండు పంపినాడు, అమ్మకొకటి, నాకొకటి. మా అమ్మాయిని అన్న కొడుక్కి ఇయ్యాలని అనుకున్నాం. ఇప్పుడు అది మానుకోవాలా? నిద్ర పట్టడం లేదు. అమ్మకు షుగరుంది, పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ మాత్రలే. చెవి కొంచెం మందం. నాయన పోయి మూడేళ్లయింది, అప్పటినుంచి గడప దాటడం లేదు.
(పేరు రాయొద్దన్నారు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ముఖ్యమైన సంగతులన్నీ చివరి మూడు వాక్యాల్లో ఉన్నాయి. మీరేమో వాటిని పోతూ పోతూ చెప్పినట్టు రాశారు. మేనరికం, జీన్, కిట్ గురించి తప్పకుండా మాట్లాడుకుందాం. దానికి ముందు షుగరు మాత్ర, చెవి, నాయన పోవడం, ఈ మూడూ చూడాలి. కిట్లు రెండూ బీరువాలో పెట్టండి.

మెట్‌ఫార్మిన్ మంచి మందే, మానొద్దు. కాకపోతే ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి ఒంట్లో విటమిన్ బి12 తగ్గిపోతుంది. బి12 తగ్గితే అరికాళ్లలో తిమ్మిర్లు, నీరసం, తూలుడు వస్తాయి. మతిమరుపు కూడా వస్తుంది. మాంసం, గుడ్డు అరుదుగా తినే ఇంట్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోతుంది. తక్కువుంటే సూదులో మాత్రలో ఇస్తారు. అమ్మ మతిమరుపు అంతా దీనివల్లేనని నేననడం లేదు, మందు వేయగానే పాత మనిషి తిరిగి వస్తుందనీ చెప్పను. కానీ సరిచేసుకోగలిగింది ఒకటి ఉండి, దాన్ని చూడకుండా జీన్ దగ్గరికి పోవడం నాకు నచ్చదు. అదే రక్తంతో థైరాయిడ్, సోడియం, కిడ్నీ, హిమోగ్లోబిన్ కూడా చూడమనండి. ఈ మధ్య ఎక్కడన్నా జారిపడి తలకు దెబ్బ తగిలిందేమో గుర్తు చేసుకోండి. పెద్దవాళ్లలో చిన్న దెబ్బకే తల లోపల నెత్తురు మెల్లగా చేరి, వారాల తర్వాత మతి తడబడుతుంది. అది స్కానింగులో కనిపిస్తుంది, చాలామందిలో ఆపరేషన్‌తో బాగవుతుంది. ఊళ్లో మెడికల్ షాపులో అడిగి తెచ్చిన నిద్రమాత్రలు, జలుబు మాత్రలు ఏమైనా వేసుకుంటుంటే ఆ స్ట్రిప్పులు కూడా డాక్టరుకు చూపించండి.

చెవి సంగతి. మనిషికి సగం మాట వినబడకపోతే, ఆ సగం గుర్తుండే మాటే లేదు. పైగా మెదడు వినడానికే అంత కష్టపడితే దాచుకునే ఓపిక మిగలదు. అమెరికాలో జరిగి 2023లో బయటికొచ్చిన ఒక పెద్ద పరీక్షలో, మతి తగ్గే ప్రమాదం ఎక్కువున్న పెద్దవాళ్లకు చెవి మిషన్లు పెట్టి చూస్తే, మూడేళ్లలో మతి తగ్గే వేగం దాదాపు సగం తగ్గింది. ప్రమాదం తక్కువున్న ఆరోగ్యవంతుల్లో ఆ తేడా రాలేదు, అదీ చెప్పాలి. మీ అమ్మ మొదటి గుంపుకే దగ్గర. ముందు చెవిలో గుబిలి చూపించండి, నవ్వకండి, అది తీయగానే వినపడ్డ అవ్వలు నాకు తెలుసు. మిషన్ అవసరమైతే, పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ అనే కేంద్ర పథకం ఒకటుంది, సచివాలయంలో అడగండి. కంటిలో శుక్లం ఉందేమో కూడా అదే పనిగా చూపించేయండి.

ఇక నాయన పోయి మూడేళ్లు, మతిమరుపు మొదలై రెండేళ్లు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూశారా? దిగులు ముదిరిన పెద్దవాళ్లు ఏడవరు. ఊరికే కూర్చుంటారు, అడిగితే ‘ఏమో, తెలీదు’ అంటారు. బయటికి అది అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది. దిగులుకు మందుంది. మతిమరుపు జబ్బే మొదలై, దాంతోపాటు దిగులూ ఉండొచ్చు. అది తేల్చడం డాక్టరు పని. పలమనేరు ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్షలు చేయించుకుని, ఆ కాగితాలతో తిరుపతి స్విమ్స్‌లో న్యూరాలజీ వాళ్లకు చూపించండి. మీకు రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరైతే అక్కడికే పొండి, మీ పక్కవాళ్లు ఎట్లాగూ అక్కడికే పోతారు కదా.

అక్కడ ఒక సంగతి జాగ్రత్త. జ్ఞాపకశక్తి పరీక్ష అని 30 మార్కులకు ప్రశ్నలడుగుతారు. ఈ రోజు తారీకెంత, వందలోంచి ఏడు తీసేస్తూ పో, ఒక వాక్యం రాయి, ఇట్లా ఉంటాయి. బడి మొహం చూడని మనిషికి ఇవి మతి బాగున్నప్పుడూ రావు. తిరుపతి కొర్లగుంట నుంచి ఒక పెద్దావిడ వచ్చింది నా దగ్గరికి. తారీకు చెప్పలేదు, నెల చెప్పలేదు, కూడికలు లేవు. కోడలు నిట్టూర్చింది. గంగ జాతరలో వేషాలు ఏ వరసలో కడతారమ్మా అనడిగాను. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వేళ్ల మీద లెక్కపెడుతూ, ఏ రోజు ఎవరి ఇంటి ముందు ఏం జరిగిందో కూడా చెప్పింది. ఆమెకు లేనిది చదువు, మతి కాదు. మీ అమ్మ కూడా చదువుకోకపోతే, పరీక్ష చేసేవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పండి. చదువు రానివాళ్ల కోసం మార్చిన పరీక్షలున్నాయి, అవి చేయమని అడగండి.

మీ అమ్మ విషయంలో నాకు నిజంగా అనుమానం కలిగించింది తారీకు కాదు, సంగటి. ఎసరు మరగాలి, బియ్యం మెత్తగా ఉడకాలి, పైన పిండి గుట్టగా పోయాలి, అది మగ్గాక తెడ్డుతో ఉండ కట్టకుండా కెలకాలి. ఏది ముందు, ఏది వెనక అన్న ఈ వరస చెయ్యి దానంతటదే చేసుకుపోతుంది. అది తప్పిందంటే మామూలు వయసు మతిమరుపు కంటే ఎక్కువే. ఇది మీరు గమనించారంటే కారణం, మీ ఇంట్లో ఇంకా పొయ్యి ఆమె చేతిలో ఉండటమే. చాలా పల్లె ఇళ్లలో అరవై దాటగానే ‘నువ్వు కూర్చో అత్తా’ అని పని తీసేస్తారు. గౌరవంగానే తీసేస్తారు. పని లేదు కాబట్టి పని తప్పడం ఎవరికీ కనపడదు. మంచం పట్టేదాకా తెలీదు.

ఇప్పుడు మీ అసలు భయం దగ్గరికి వద్దాం.

ముసలితనంలో వచ్చే మతిమరుపులో ఎక్కువ భాగం అల్జైమర్స్. దానికి బాగా తెలిసిన జన్యువు, అంటే జీన్, ఒకటుంది, పేరు ఏపీఓఈ. 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మెదడులో కొవ్వును మోసే ఒక ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. ఇందులో 2, 3, 4 అని మూడు రకాలు. ప్రతి మనిషికీ రెండు ప్రతులు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. నాలుగో రకం ఒక ప్రతి ఉంటే అల్జైమర్స్ వచ్చే అవకాశం దాదాపు మూడింతలని, రెండూ అదే అయితే ఎనిమిది నుంచి పన్నెండింతలని అంటారు. ఈ సంబంధం 1993లో బయటపడింది. అయితే ఆ ‘ఇంతలు’ ఎక్కువగా యూరప్ సంతతి వాళ్లను చూసి కట్టిన లెక్కలు. నల్లజాతి వాళ్లలో దాని ప్రభావం తక్కువ, జపాన్ వాళ్లలో ఎక్కువ కనిపించింది. జన్యువొక్కటే అయినా అది పడే నేల వేరు.

మన దేశంలో దీన్ని పల్లెల్లో చూసిన పని ఒకటుంది. 1990ల్లో హరియాణాలోని బల్లభ్‌గఢ్ చుట్టుపక్కల ఊళ్లలో ముసలివాళ్లను, అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ప్రాంతం వాళ్లను పోల్చి చూశారు. 65 దాటినవాళ్లలో ఏడాదికి కొత్తగా అల్జైమర్స్ వచ్చినవాళ్లు అక్కడ వెయ్యికి 17.5, ఇక్కడ 4.7. నాలుగో రకం ప్రతులు అక్కడ నూటికి 11, ఇక్కడ 7. ఆ రకానికీ జబ్బుకూ ఉన్న ముడి మాత్రం రెండుచోట్లా ఒకే బలంతో ఉంది. లెక్క చూడండి. జన్యువులో తేడా 11కీ 7కీ మధ్య, జబ్బులో తేడా దాదాపు నాలుగింతలు. మిగతా తేడా జన్యువుకు అవతల ఎక్కడో ఉంది. అయితే అప్పటి అంకెలు చూసి ‘పల్లెల్లో ఈ జబ్బు లేదు’ అని మురిసిపోవడానికీ లేదు. తర్వాత దేశమంతా తిరిగి చేసిన సర్వే 2023లో వచ్చింది. 60 దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి డిమెన్షియా, అంటే అల్జైమర్స్‌తో సహా ఏదో ఒక మతిమరుపు జబ్బు, ఉందని అది తేల్చింది. పట్నాల్లో 5.3, పల్లెల్లో 8.4. మగవాళ్లలో 5.8, ఆడవాళ్లలో 9. పల్లె జన్యువు, పట్నం జన్యువు అని వేరే ఉండవు. తిరుపతిలో ఇల్లు కట్టుకున్నవాళ్లలో ఎంతమంది నిన్నామొన్నటి దాకా పల్లెవాళ్లు కారు? మారింది రక్తం కాదు. బడి, బీపీ మాత్ర, చెవి మిషన్, డాక్టరు ఉండే దూరం, ఇవి మారాయి. ఆడపిల్లను బడి మాన్పించిన ఊళ్లో ఆడవాళ్ల అంకె పెద్దదిగా ఉందంటే నాకు ఆశ్చర్యం లేదు.

మీకు దగ్గర్లోనే ఇంకో పని నడుస్తోంది. ముళబాగిలు దాటి పోతే కోలారు జిల్లాలో శ్రీనివాసపురం ఉంది కదా, మామిడికాయల ఊరు, సగం మంది తెలుగే మాట్లాడతారు. ఆ తాలూకా పల్లెల్లో 45 దాటినవాళ్లను, పదివేల మందిని చేర్చుకోవాలన్న లెక్కతో, బెంగళూరు ఐఐఎస్‌సీ అనే సైన్సు సంస్థలోని మెదడు పరిశోధన కేంద్రం వాళ్లు ఏళ్ల తరబడి చూస్తూ వస్తున్నారు. రక్తం, జన్యువులు, స్కాన్, జ్ఞాపకశక్తి, తిండి, అన్నీ. మీ ఊరి లాంటి మనుషుల గురించి సరైన జవాబులు రావాల్సింది అలాంటి చోటి నుంచే. మీ అన్న పంపిన కిట్టు రిపోర్టు మటుకు చాలావరకు ఎక్కడో యూరప్ మనుషుల లెక్కలతో మీ ప్రమాదం ఇంతని చెబుతుంది.

మేనరికం గురించి బంధువుల మాటలో కొంత నిజముంది, చాలా తప్పుంది. మేనరికం కొత్త జబ్బును పుట్టించదు. ఇంట్లో ఉన్నదాన్ని రెండు వైపుల నుంచీ తెచ్చి కలిపే అవకాశం పెంచుతుంది, అంతే. మీ ఇంటి వరస చూడండి. మీ నాయన మీ అవ్వకు తమ్ముడో అన్నో. అంటే అవ్వ మీకు అమ్మమ్మే కాదు, మేనత్త కూడా. అవ్వ దగ్గర ఆ నాలుగో రకం ఒక ప్రతి ఉందనుకుందాం, ఉందని కాదు, అనుకుందాం. అది అమ్మ ద్వారా మీకు చేరే అవకాశం నాలుగింట ఒక వంతు. తోడబుట్టినవాడు కాబట్టి నాయన ద్వారా చేరే అవకాశం కూడా ఇంచుమించు నాలుగింట ఒక వంతే. రెండూ కలిసి మీకు రెండు ప్రతులుండే అవకాశం పదహారింట ఒకటి, నూటికి ఆరు. నాయన బయటి మనిషై ఉంటే, బల్లభ్‌గఢ్ అంకె పెట్టుకుంటే, అది నూటికి రెండు లోపు ఉండేది. పెరిగింది, నిజమే. కానీ నూటికి 94 వంతులు మీకు రెండు ప్రతులు లేవనే. ఒకవేళ రెండూ ఉన్నా జబ్బు వచ్చి తీరుతుందని లేదు. ఏ ప్రతీ లేనివాళ్లకూ అల్జైమర్స్ వస్తుంది. పైగా అవ్వకు 75 దాటాక మతి తప్పడానికి జన్యువు దాకా పోనక్కరలేదు, ఆ వయసే చాలు.

మరి రక్తంలో వచ్చేదే లేదా అంటే, ఉంది, వేరే రకం. మూడు జన్యువుల్లో ఏదో ఒకదానిలో తప్పు వల్ల నలభైల్లో, యాభైల్లోనే మతి పోయే కుటుంబాలున్నాయి. అక్కడ ప్రతి బిడ్డకూ సగం అవకాశం. మొత్తం అల్జైమర్స్‌లో అవి నూటికి ఒకటి కూడా ఉండవు. మీ అమ్మకు మొదలైంది 66లో, అవ్వకు 75 దాటాక. ఆ కథ మీది కాదు. మీ ఇంట్లో 60 లోపే ఇట్లా అయినవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే మటుకు నాకు మళ్లీ రాయండి, అప్పుడు నా జవాబు మారుతుంది.

కాబట్టి కిట్టు వద్దంటాను. మీకు నాలుగో రకం ఉందని తేలితే డాక్టరు ఏం చెబుతాడు? బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ అదుపులో పెట్టు, నడువు, నిద్రపో అంటాడు. లేదని తేలితే? అదే అంటాడు. ఏ జవాబు వచ్చినా చేసే పని ఒకటే అయినప్పుడు, ఆ జవాబు ఇంటికి తెచ్చిపెట్టేది టెన్షన్ ఒక్కటే. ఆ కాగితం రేపు మీ అమ్మాయి పెళ్లి మాటల్లోకి కూడా వస్తుంది, ఊళ్లో ఇట్లాంటివి దాగవు. అల్జైమర్స్‌కు లెకానెమాబ్, డోనానెమాబ్ అని కొత్త మందులొచ్చాయి. అవి ఇచ్చేముందు ఈ పరీక్ష చూస్తారు, ఎందుకంటే రెండు ప్రతులున్నవాళ్లకు మెదడులో వాపు, రక్తస్రావం ఎక్కువ. పరీక్షతో పనిపడేది అట్లాంటి చోట, ఆసుపత్రిలో, డాక్టరు అడిగితే. అన్నకు ఈ మాట నెమ్మదిగా చెప్పండి. ఆయన కిట్టు పంపింది భయంతోనే, దూరంగా ఉన్న కొడుకుకు చేతనైంది అదే.

మీ వయసు 43. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన లెక్క ప్రకారం, డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని, 14 కారణాలను సరిదిద్దుకుంటే ఆపడమో వెనక్కి జరపడమో చేయొచ్చు. వాటిలో బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్ మీ వయసులోనే మొదలవుతాయి. చివరిసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నారు? ఉత్తరంలో అమ్మ గురించి రెండు పేజీలుంది, మీ గురించి వయసు తప్ప ఏమీ లేదు. ఒక మంచి సంగతి మటుకు మీకు పుట్టుకతోనే వచ్చింది. మీ పక్క పల్లెల్లో తెలుగుతో పాటు గుడియాత్తం తమిళమో, ముళబాగిలు కన్నడమో రాని మనిషి అరుదు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో చెప్పిన మాట ఇది. ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే రెండు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలో కూడా. సంతలో మూడు భాషల్లో బేరమాడటం మీకు పని, మెదడుకు అది కసరత్తు.

అమ్మాయి సంబంధం. దీన్ని అవ్వ మతిమరుపుతో ముడిపెట్టి ఆపొద్దు, అవ్వ మతిమరుపు కారణం కాదని చెప్పి ముందుకూ పోవద్దు. ఇది వేరే ప్రశ్న, దీనికి వేరే డాక్టరు. మేనబావ మరదళ్ల పిల్లల్లో పుట్టుకతో లోపాలు వచ్చే అవకాశం మామూలుగా అందరికీ ఉండే నూటికి రెండు మూడుకు తోడు ఇంకో రెండు మూడు దాకా పెరుగుతుంది. బుద్ధిమాంద్యం, పుట్టు చెవుడు అందులో ఉంటాయి. మీ ఇంట్లో పై తరంలో మేనమామ పెళ్లి కూడా ఉంది కాబట్టి మీకు అది ఇంకొంచెం ఎక్కువే అవుతుంది. మీ రెండు కుటుంబాల్లో మాట రాని పిల్లలు, ఎదుగుదల లేని పిల్లలు, చిన్నప్పుడే పోయిన పిల్లలు ఎవరున్నారో ఒక కాగితం మీద వంశవృక్షంలా రాసుకుని, జెనెటిక్ కౌన్సెలింగ్ చేసే డాక్టరును కలవండి. ఇద్దరు పిల్లలకూ పరీక్ష పనికొచ్చేది ఇక్కడ, మీ అన్న కిట్టులో కాదు. అన్నట్టు, అమ్మాయికి ఆ అబ్బాయి ఇష్టమేనా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా కనపడలేదు.

ఆసుపత్రి పని అయ్యేలోగా ఇంట్లో చేయగలిగినవి కొన్ని. గ్యాస్ రెగ్యులేటరు రాత్రిపూట కట్టేయండి. పింఛను తీసుకోగానే గోడ క్యాలెండరులో ఆమె చేత్తోనే ఒక గీత పెట్టించండి, సాయంత్రం అరిస్తే వాదించకుండా ఆ గీత చూపించండి. నచ్చచెప్పినా ఒప్పుకోకపోతే వదిలేసి వేరే మాటలోకి పొండి. మీకు ఓపిక నశించిన రోజు 14567కు ఫోన్ చేయండి, పెద్దవాళ్ల కోసం ఉన్న ఉచిత లైను అది. పొయ్యి పని పూర్తిగా లాక్కోవద్దు. ఎసరు మీరు పెట్టండి, బియ్యం మీరు పోయండి, పిండి కూడా మీరే పోయండి. దించాక గిన్నె కిందపెట్టి, తెడ్డు ఆమె చేతికివ్వండి. కెలకడం చేతికి గుర్తుంటుంది.

బి12 రిపోర్టు రాగానే అందులో ఉన్న అంకె నాకు రాయండి.